కంటి మూలన నీడ కనిపిస్తే.. ఆ రోజే డాక్టర్ దగ్గరికి!

సంక్రాంతి సెలవులు. బీటెక్ ఆఖరి ఏడాది. నలుగురం రెండు బైకుల మీద కైకలూరు పక్కనున్న ఆటపాక వెళ్లాం, పెలికాన్లను చూద్దామని. ఎండ బాగా కాస్తోంది. చెట్ల మీద గూళ్ల వైపు తలెత్తి చూస్తుంటే నా కళ్ల ముందు దోమల గుంపు. ‘ఏంట్రా ఇక్కడ ఇన్ని దోమలు!’ అన్నాను. ‘దోమలా? ఎక్కడరా?’ అన్నాడు మావాడు. కొల్లేరులో పురుగులకు కొదవేముంది అని ఊరుకున్నా. కానీ ఒకటి తేడాగా అనిపించింది. నేను చూపు ఎటు తిప్పితే ఆ దోమలూ అటే వస్తున్నాయి. చూపు ఆపితే అవి మాత్రం ఇంకాస్త జారి ఆగుతున్నాయి.

ఆ రాత్రి ఏలూరులో మా ఇంట్లో లైటు తీసేసి పడుకున్నా. ఎడమ కంటి చివర ఏదో మెరుపు మెరిసినట్టయింది. పక్కింటి వాళ్లు టార్చి వేశారేమో అనుకున్నా. కళ్లు మూసుకున్నా మెరిసింది. అప్పుడైనా లేవాల్సింది. లేవలేదు. బుధవారం ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్ ఉంది, నా బుర్రంతా దాని మీదే ఉంది.

ఈ పేజీలో మామూలుగా కోడింగ్ టెస్టుల గురించీ, రెజ్యూమేల గురించీ చదువుతుంటారు. ఈసారి నేను రాస్తున్నది ఆ బుధవారం టెస్ట్ కోసం నేను కంటికి చెప్పిన ‘ఆగు’ గురించి. ప్లేస్‌మెంట్ సీజన్‌లో, గ్రూప్స్ ప్రిపరేషన్‌లో, ఎస్ఐ ఈవెంట్స్ ముందు మనం ఒంటికి చాలాసార్లు ఆగమని చెబుతాం. జ్వరం ఆగుతుంది, పంటి నొప్పి ఆగుతుంది. రెటీనా ఆగదు.

ముందు జరిగింది పూర్తిగా చెబుతాను. సోమవారం సాయంత్రం కళ్లజోళ్ల షాపుకెళ్లా. నా పవర్ అప్పటికే మైనస్ ఏడున్నర. ఆరో తరగతి నుంచి సోడాబుడ్డి అద్దాలే. మెషీన్ ముందు గడ్డం పెట్టించి చూసి, ‘పవర్ మారలేదు బాబూ, స్క్రీన్ ఎక్కువ చూస్తున్నట్టున్నావ్, స్ట్రెయిన్’ అన్నారు. ఆయన తప్పేం లేదు. ఆ మెషీన్ కొలిచేది పవర్‌నే, కంటి వెనక గోడను కాదు. నాకు ఆ తేడా తెలియదు. కంప్యూటర్ టెస్ట్ అయింది కాబట్టి కన్ను బాగున్నట్టేనని ధైర్యంగా ఇంటికొచ్చేశా.

మంగళవారం ఎడమ కంటికి కింద, ముక్కు వైపు మూలన బూడిద రంగు నీడ. కళ్లజోడు ఫ్రేమ్ అడ్డం వస్తోందేమో అని తీసి చూశా. నీడ అక్కడే ఉంది. బుధవారం టెస్ట్ రాశా. మధ్యలో కుడి కన్ను దురద పెడితే రుద్దుకున్నా. ఆ రెండు సెకన్లు ఎడమ కంటితో ఒక్కదానితో స్క్రీన్ చూశా. కోడ్ లైన్లు వంకరపోయి ఉన్నాయి, నీళ్లలో పెట్టిన కర్రలా. అప్పుడు భయమేసింది. అయినా సబ్‌మిట్ కొట్టాకే లేచా. గురువారం పొద్దున్నే మొదటి రైలుకు నాన్న నన్ను విజయవాడ తీసుకెళ్లారు.

చెరువు గట్టు, పీత బొక్క

డాక్టర్ గారు చెప్పింది మన ఊరి భాషలో చెబుతాను. కంటిని కెమెరా అనుకుంటే ముందున్నది లెన్స్, వెనకున్న సెన్సర్ రెటీనా. పలచటి పొర, గోడకు అంటించిన పోస్టర్‌లా కంటి లోపలి గోడకు ఆనుకుని ఉంటుంది. దాని వెనకున్న రక్తనాళాల పొర నుంచే చూపు కణాలకు ఆక్సిజన్, పోషణ అందుతాయి. కంటి లోపలి ఖాళీని విట్రియస్ అనే జెల్లీ నింపుతుంది. వయసుతో ఈ జెల్లీ కొంత నీరవుతుంది, రెటీనా నుంచి విడిపోతుంది. మైనస్ పవర్ ఎక్కువున్న వాళ్లలో ఇది తొందరగా మొదలవుతుంది. విడిపోయేటప్పుడు ఎక్కడైనా గట్టిగా అతుక్కుని ఉంటే రెటీనాను లాగుతుంది. ఆ లాగుడే మెరుపుగా కనిపిస్తుంది. ఒక్కోసారి చిరుగు పడుతుంది. అప్పుడు చిందిన రక్తకణాలు, జెల్లీ పోగులు కంట్లో తేలుతూ నల్ల చుక్కల్లా, సాలెగూళ్లలా కనిపిస్తాయి. నా దోమలు అవే.

కొల్లేరు వైపు చేపల చెరువులున్న వాళ్లకి మిగతాది ఇట్టే అర్థమవుతుంది. గట్టుకు పీత బొక్క పడితే ఆ రోజే ఏమీ కాదు. నీరు దారి చూసుకుంటుంది. ముందు చెమ్మ, తర్వాత ధార, చివరికి గండి. కంట్లో కూడా అంతే. చిరుగు ఉన్నంత మాత్రాన రెటీనా ఊడినట్టు కాదు. నీరైన జెల్లీ ఆ చిరుగులోంచి వెనక్కి దూరి, పోస్టర్‌ను గోడ నుంచి లేపుతుంది. దాన్నే రెటీనా డిటాచ్‌మెంట్ అంటారు. లేచిన భాగానికి పోషణ తెగిపోతుంది, చూపు ఆగిపోతుంది. అదే నీడ, అదే తెర. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి పైన ఊడితే నీడ కింద కనిపిస్తుంది. పైభాగంలో ఊడితే నీరు కిందికి జారి తొందరగా పాకుతుంది కూడా. నాది పైభాగమే.

రెటీనా మధ్యలో మాక్యులా అనే చిన్న చోటు ఉంది. అక్షరాలు చదవడం, మొహాలు గుర్తుపట్టడం, కోడ్‌లో కామా ఎక్కడుందో చూడటం.. అన్నీ ఆ చోటు పనే. నీరు అక్కడికి చేరకముందే ఆపరేషన్ చేస్తే చూపు చాలావరకు దక్కుతుంది. చేరాక చేస్తే పొర తిరిగి అతుక్కున్నా చూపు పాతదంతా రాకపోవచ్చు. చిరుగు దశలోనే దొరికితే అసలు ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లనక్కర్లేదు. చిరుగు చుట్టూ లేజర్ కొడతారు, కాలిన చోట మచ్చ కట్టి పొర గోడకు అతుక్కుపోతుంది. నీరు దిగకముందే బొక్క చుట్టూ మట్టి కొట్టినట్టు. అవుట్ పేషెంట్‌గానే చేసి పంపేస్తారు.

‘ఆదివారం వచ్చి ఉంటే?’ అని అడిగారు నాన్న. ‘లేజర్‌తో పోయేదేమో’ అన్నారు డాక్టర్ గారు. ఆ ‘ఏమో’ ఇప్పటికీ నాతోనే ఉంది.

నొప్పి ఉండదు, అదే మోసం

రెటీనాకు నొప్పి తెలియదు. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, పుసి కట్టదు. అద్దంలో చూస్తే కన్ను బంగారంలా ఉంటుంది. ఇంట్లో చెప్పినా ‘ఎక్కువసేపు ఫోన్ చూడకురా’ అంటారు. పైగా రెండో కన్ను లోటు కప్పేస్తుంది. ఏబీ డివిలియర్స్ తెలుసుగా? తన కొడుకు మడమ పొరపాటున కంటికి తగిలి కుడి కంటి చూపు దెబ్బతిందనీ, కెరీర్‌లో చివరి రెండేళ్లూ రెటీనా ఊడిన కంటితోనే ఆడాననీ 2023లో చెప్పాడు. ఎడమ కన్ను నెట్టుకొచ్చింది. ఆపరేషన్ చేసిన డాక్టరే ఈ కంటితో ఎలా ఆడావని ఆశ్చర్యపోయాడట. గంటకు నూట నలభై కిలోమీటర్ల బంతిని ఆడేవాడి విషయంలోనే ఒక కన్ను రెండోదాని లోటు దాచేస్తే, ల్యాప్‌టాప్ ముందు కూర్చునే మనమెంత?

అందుకే ఒక చిన్న పని చేయండి. అరచేతితో ఒక కన్ను మూసి, రెండో కంటితో ఎదురుగా ఉన్న తలుపు ఫ్రేమో, క్యాలెండరో చూడండి. చూపు కదపకుండా నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా? నిలువు గీత నిలువుగానే ఉందా? తర్వాత రెండో కన్ను. పది సెకన్ల పని. ఇందులో తేడా వస్తే పరుగెత్తాల్సిందే. తేడా లేకపోతే మాత్రం అంతా బాగున్నట్టు కాదు, ఎందుకంటే చిరుగు దశలో ఈ పరీక్షకు ఏమీ దొరకదు. యాప్‌లు రాసుకుంటూ బతికేవాణ్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నా, ఫోన్‌లో చేసే చూపు పరీక్ష ఏదీ రెటీనా అంచులను చూడలేదు.

మరి నల్ల చుక్కలు కనిపించిన ప్రతివాడూ కంగారు పడాలా? అక్కర్లేదు. తెల్ల గోడ మీదో, ఆకాశంలోనో ఏళ్లుగా ఒకటో రెండో పోగులు తేలడం చాలామందికి మామూలే. చూడాల్సింది మార్పును. నిన్నటిదాకా లేనివి ఇవాళ గుంపుగా రావడం, మసి చల్లినట్టు అవడం, చీకట్లో కంటి పక్క మెరుపులు, ఏదో మూల నుంచి నీడ. వీటిలో ఏ ఒక్కటి కొత్తగా వచ్చినా అదే రోజు చూపించుకోవాలి. నీడ వచ్చిందంటే రోజు కూడా కాదు, గంటల లెక్క.

ఇక్కడ కుర్రాళ్లకు సంబంధించిన ఒక చిక్కుంది. మైనస్ పవర్ ఉన్న కొందరిలో రెటీనా అంచులు పలచబడి ఉంటాయి, దాన్ని లాటిస్ డీజనరేషన్ అంటారు. అందులో చిన్న రంధ్రాలు పడి, మెరుపులూ చుక్కలూ ఏమీ లేకుండానే నెలల తరబడి నెమ్మదిగా ఊడే రకం ఉంది. నీడ మధ్యకు వచ్చేదాకా తెలియదు. లాటిస్ ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. కానీ ఉందో లేదో తెలిసి ఉండటం మంచిది. మొత్తం జనాభాలో రెటీనా ఊడటం అరుదు, ఏటా పది వేల మందిలో సుమారు ఒకరికి. మైనస్ మూడు దాటిన వాళ్లకు మాత్రం పవర్ లేనివాళ్ల కంటే ఈ ముప్పు దాదాపు పది రెట్లు. క్లాసులో మొదటి బెంచీ కళ్లజోళ్ల బ్యాచ్, ఇది మనకే.

ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడిన చరిత్ర ఉంటే, కంటికి టెన్నిస్ బంతో, కబడ్డీలో మోచెయ్యో, దీపావళి టపాసో తగిలి ఉంటే కూడా ఒకసారి చూపించుకోండి. దెబ్బ తగిలిన కొన్ని వారాలకు, నెలలకు కూడా ఊడొచ్చు. శుక్లాల ఆపరేషన్ అయిన అమ్మానాన్నలకు కూడా ఈ లక్షణాలు చెప్పి ఉంచండి. ‘మెరుపులొస్తున్నాయిరా’ అంటే కొత్త లెన్స్ అలవాటు కాలేదులే అని తీసిపారేయకండి.

లాసిక్ చేయించుకున్నాను కదా అంటారా?

ఉద్యోగాల మెడికల్ టెస్ట్ కోసం లాసిక్ చేయించుకునే వాళ్లు మన దగ్గర చాలామంది. ముందుగా ఒక మాట. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 ఉండాలి. లాసిక్ చేయించుకున్న వాళ్లు ఆ పోస్టుకు అనర్హులు. డబ్బు కట్టి మరీ అర్హత పోగొట్టుకున్న వాళ్లు నాకు తెలుసు. నోటిఫికేషన్‌లో సిలబస్ పేజీతో పాటు మెడికల్ స్టాండర్డ్స్ పేజీ కూడా చదవండి.

అసలు విషయం వేరే ఉంది. లాసిక్ సరిచేసేది కంటి ముందున్న కార్నియాను. మైనస్ ఎనిమిది కన్ను లాసిక్ తర్వాత అద్దాలు లేకుండా చూస్తుంది, అంతే. సాగిన కన్ను సాగినట్టే ఉంటుంది, వెనక పలచబడ్డ రెటీనా అలాగే ఉంటుంది. కెమెరా లెన్స్ మార్చినంత మాత్రాన సెన్సర్ కొత్తదవదు. కాబట్టి లాసిక్‌కు ముందున్న పవర్ చీటీ పారేయకండి, ఫోటో తీసి ఉంచుకోండి. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే మొదట చెప్పాల్సింది అదే.

స్క్రీన్ సంగతి కూడా చెప్పేస్తా, నా మెయిల్‌కు ఎక్కువగా వచ్చే ప్రశ్న అదే కాబట్టి. ఫోన్ చూస్తే, కోడింగ్ చేస్తే రెటీనా ఊడదు. కళ్లు పొడిబారతాయి, అలుస్తాయి, అది వేరే కథ.

ఎక్కడికెళ్లాలి, ఏమనాలి?

అడగాల్సింది ‘కళ్ల డాక్టర్ ఉన్నారా’ అని కాదు, ‘రెటీనా డాక్టర్ ఇవాళ ఉన్నారా’ అని. బయలుదేరే ముందే ఫోన్ చేయండి. రిసెప్షన్‌లో ‘కళ్లు మసకగా ఉన్నాయండీ’ అంటే టోకెన్ ఇచ్చి కూర్చోబెడతారు. ‘నిన్నటి నుంచి ఎడమ కంటికి మెరుపులు, కింద మూలన నీడ, పవర్ మైనస్ ఏడున్నర’ అనండి. ఆ ఒక్క వాక్యం మీ లైన్ మార్చేస్తుంది. కంట్లో చుక్కలు వేసి పాప పెద్దదయ్యాక, డాక్టర్ తలకు లైటు కట్టుకుని ఇండైరెక్ట్ పరీక్ష చేస్తారు. పడుకోబెట్టి, అటు చూడు ఇటు చూడు అంటూ అంచుల దాకా చూస్తారు. చుక్కలు వేయకుండా పంపేస్తే మీకు కావాల్సిన పరీక్ష పూర్తి కానట్టే, మొహమాటం లేకుండా అడగండి. ఆ తర్వాత కొన్ని గంటలు చదవలేరు, బండి నడపకూడదు. తోడు ఎవరినైనా తీసుకెళ్లండి.

రెటీనా సర్జన్ ప్రతి ఊళ్లో ఉండరు. ఏలూరులోనో, గూడెంలోనో దగ్గర్లో ఉన్న కంటి డాక్టర్ చుక్కలేసి చూసి చిరుగో, నీడో ఉందని తేల్చితే చాలు, అక్కణ్నుంచి విజయవాడ. ఏలూరు నుంచి అరవై కిలోమీటర్లు, తాడేపల్లిగూడెం నుంచి వంద దాటుతుంది. రెండూ మెయిన్ లైన్ మీదే ఉన్నాయి, రైళ్లకు కొదవ లేదు. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి క్యాంపస్ 2011 నుంచి ఉంది. చిత్రంగా ఆ పేరు మన పక్క ఊరిదే. సినీ దర్శకుడు, నిర్మాత ఎల్వీ ప్రసాద్ 1908లో పుట్టింది దెందులూరు మండలం సోమవరప్పాడులో. ఆ కుటుంబం భూమి, కోటి రూపాయలు విరాళం ఇస్తే 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో ఆ సంస్థను మొదలుపెట్టారు. డబ్బు కట్టలేని వాళ్లకు ఉచితంగా వైద్యం చేసే పద్ధతి అక్కడ మొదటి నుంచీ ఉంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద కూడా రెటీనా ఆపరేషన్లు ఉన్నాయి. ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో 104కి ఫోన్ చేసి కనుక్కోండి, నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో వైద్యమిత్ర డెస్క్ ఉంటుంది. ఆధార్, రేషన్ కార్డు వెంట పెట్టుకోండి. డబ్బు సర్దుబాటయ్యాక వెళ్దాం అనుకోవద్దు, ముందు పరీక్ష చేయించుకుంటే ఎంత టైమ్ ఉందో తెలుస్తుంది.

కంట్లో తేనె, మేకపాలు, ఆకుపసర్లు వేయడం ఇంకా మన వైపు ఉంది. మా అమ్మమ్మ కూడా అడిగింది, పాపం. వద్దు. లోపల వెనక గోడకు పడ్డ చిరుగును బయట వేసే ఏ చుక్కా చేరలేదు, డాక్టర్ రాసే చుక్కలతో సహా.

ఆపరేషన్లలో ప్రధానంగా రెండు మూడు పద్ధతులున్నాయి. కంటి బయటి గోడకు సిలికాన్ పట్టీ కుట్టి, గోడనే లోపలికి నొక్కి చిరుగు దగ్గరకు చేర్చడం ఒకటి. దీన్ని బకుల్ అంటారు, కుర్రాళ్లలో ఎక్కువగా చేస్తారు. విట్రియస్ జెల్లీని తీసేసి, గ్యాస్‌తోనో, సిలికాన్ ఆయిల్‌తోనో పొరను లోపలి నుంచి గోడకు నొక్కడం ఇంకొకటి, విట్రెక్టమీ. చిన్న చిరుగులకు ఒక్కోసారి గ్యాస్ బుడగ ఒక్కటే ఎక్కించి లేజర్ చేస్తారు. ఆయిల్ అయితే కొన్ని నెలలకు తీయడానికి మళ్లీ ఆపరేషన్. పద్ధతి ఏదైనా అసలు సూత్రం చిరుగును మూసేయడమే. అది కనిపెట్టింది స్విట్జర్లాండ్ డాక్టర్ జూల్స్ గోనిన్, దాదాపు వందేళ్ల కిందట. అంతకుముందు రెటీనా ఊడిందంటే మంచాన పడుకోబెట్టడం తప్ప పెద్దగా దారి లేదు. ఇప్పుడు పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి మొదటి ఆపరేషన్‌తోనే అతుక్కుంటుంది.

నాకు గ్యాస్ పెట్టారు. బుడగ పైకి తేలుతుంది కాబట్టి చిరుగున్న వైపుకు అది చేరేలా తల పెట్టి ఉంచాలి. నన్ను మొదట బోర్లా, తర్వాత కుడి పక్కకు ఉండమన్నారు. వారం రోజులు. అమ్మ కంచం నేల మీద పెట్టేది, నేను మంచం అంచు నుంచి తల వేలాడేసి తినేవాణ్ని. గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఎత్తు పెరిగితే బుడగ ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. కొండ ప్రయాణాలకూ అదే భయం. అమ్మ నా కన్ను కోసం తిరుమల మొక్కుకుంది, డిశ్చార్జ్ రోజే బయలుదేరదామంది. డాక్టర్ గారు నవ్వి, ‘స్వామి ఎక్కడికీ పోరమ్మా, రెండు నెలలు ఆగండి’ అన్నారు. ఆ గ్యాస్ ఉండగా వేరే ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వాల్సివస్తే ఆ డాక్టర్‌కు ముందే చెప్పాలి. చేతికి కట్టిన పట్టీ అందుకే, తీసేయొద్దు.

బోర్లా పడుకుని ఉండగానే ఆ బుధవారం టెస్ట్ రిజల్ట్ వచ్చింది. సెలెక్ట్ అయ్యాను, ఇంటర్వ్యూ సోమవారం. నాన్న చేత హెచ్‌ఆర్‌కు మెయిల్ కొట్టించా, డిశ్చార్జ్ సమ్మరీ జత చేసి, మూడు వారాలు గడువు అడుగుతూ. గంటలో జవాబు వచ్చింది, సరే అని. నాలుగు లైన్ల మెయిల్. అది నేను టెస్ట్‌కు ముందు మంగళవారమే పంపి ఉండొచ్చు. ఆ ఆలోచనే రాలేదు నాకు. అడిగితే అందరూ గడువు ఇస్తారని చెప్పను, ఇవ్వకపోతే ఆ అవకాశం పోతుంది. మా బ్యాచ్‌లో ఆ ఏడాది తర్వాత వచ్చిన కంపెనీలను నేను లెక్కపెట్టాను, పదకొండు.

ఆ ఉద్యోగం వచ్చింది, చేస్తున్నా కూడా. రెటీనా అతుక్కుంది. అద్దాలతో ఎడమ కంటికి చార్టులో చివరి మూడు లైన్లు రావు. కుడి కన్ను మూస్తే తలుపు ఫ్రేమ్ మధ్యలో చిన్న వంకర. కుడి కంట్లో కూడా లాటిస్ దొరికింది, డాక్టర్ గారు దాని చుట్టూ ముందుజాగ్రత్తగా లేజర్ చేశారు. ఆరు నెలలకోసారి చుక్కలేయించుకుని, ఆ పూటకు సెలవు పెట్టి, నాన్న బండి వెనక కూర్చుని ఇంటికి వస్తా.

పోయిన నెల గూడెంలో చదివే మా జూనియర్ ఒకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ‘అన్నా, పొద్దున్నుంచి కళ్ల ముందు మసి రాలినట్టుంది. ఎల్లుండి నాకు పరీక్ష. అయ్యాక వెళ్లనా?’ పవర్ ఎంతరా అంటే మైనస్ ఆరు అన్నాడు. తెల్లారి రైలెక్కమన్నాను. మధ్యాహ్నం రెండింటికి మెసేజ్ వచ్చింది. ‘చిన్న చిరుగు ఉందంట అన్నా. లేజర్ అయిపోయింది. రేపు పరీక్ష రాసుకోవచ్చు, వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఇప్పుడు ఏమీ కనపడట్లేదు, మెసేజ్ మా ఫ్రెండ్ కొడుతున్నాడు.’